కోటు కింద తాళంచెవి

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో రైలెక్కడమంటే సగం ప్రయాణం, సగం పెట్టెకు కాపలా. సీటు దొరగ్గానే పెట్టెను కిందికి తోసి, ఇనుప గొలుసు చుట్టి, తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసుకుంటే గాని మనవాళ్ల మనసు కుదుటపడేది కాదు. కిటికీ బయట ఏముందో చూడటం ఆ తర్వాతి సంగతి. ఇప్పటి పిల్లలు భుజానికో సంచి తగిలించుకుని దేశాలు తిరిగొస్తుంటే ముచ్చటేస్తుంది, కాస్త అసూయ కూడా. ఆ గొలుసు వల్లే కదా మా పెద్దమ్మకు ఒక ఊరు చేజారిపోయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. చిలకలగూడలో ఉండేది, బళ్లో సోషల్ టీచరు. ఆమె క్లాసు గోడకు ఇన్స్‌బ్రుక్ అనే ఊరి బొమ్మ ఒకటి ఉండేది. వెనకాల ఆల్ప్స్ కొండలు, ఏటి ఒడ్డున రంగురంగుల పాతకాలపు ఇళ్లు, ఏటి మీద వంతెన. ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి ఆ వంతెన దగ్గరే తేలేదట (మొఘలుల పాఠంలో సుత!). "ఒక్కసారి ఆ బ్రిడ్జి మీద నిలబడాలె, చేతుల మంచు పట్టుకోవాలె" అనేది. నా మొదటి ఉద్యోగంలో ఆఫీసువాళ్లు నన్ను మ్యూనిక్ పంపినప్పుడు, రిటైరైన పెద్దమ్మను పట్టుబట్టి రప్పించుకున్నాను. తీరా చూస్తే నాకు సెలవు దొరికింది ఆమె తిరుగు విమానానికి ముందురోజు ఒక్కటే.

మ్యూనిక్ నుంచి రెండు గంటల దూరంలోని ఇన్స్‌బ్రుక్‌కు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసే ప్రయాణానికి ఆమె పెట్టె సర్దింది. "ఒక్క పూటకు పెట్టెందుకు పెద్దమ్మా?" అంటే, "బండ్ల దుప్పటి లేకుంటె ఎట్లనే? తిండి సుత ఉండాలె గద" అంది. దుప్పటి, పులిహోర, క్రిస్మస్‌కని నూనెలో వేయించి తెచ్చిన గులాబీ పువ్వులు, అన్నీ ఉన్నాయి. రైలు కదలకముందే గొలుసు బయటికొచ్చింది. రైల్వేలో గార్డుగా చేసి చనిపోయిన మా పెదనాన్నది ఆ గొలుసు. ఎదుటి సీట్లోని జర్మన్ ఆవిడ, మేము ఎవర్ని కట్టేయబోతున్నామో అన్నట్టు చూసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను (ఆ వయసులో పరువు మరీ పల్చగా ఉంటుంది). "ఇక్కడ ఎవరూ ఎత్తుకపోరు పెద్దమ్మా!" "అట్లన్నోళ్ల పెట్టెలే పోతయి, నువ్వు జెర ఊకో." తాళంచెవిని పిన్నీసుతో జాకెట్టు లోపలికి గుచ్చుకుంది. కిటికీ పక్కన చలేసేసరికి దాని మీద స్వెట్టరు, మరో స్వెట్టరు, శాలువా, మఫ్లరు, ఆపైన నా పొడుగు కోటు వేసుకుని జిప్పు గొంతుదాకా లాక్కుంది.

ఊరు దగ్గరవుతుంటే ఆమె కిటికీకి ముక్కు ఆనించి, "ఆ కొండ జూడవే, నా బొమ్మల కొండే!" అని చిన్నపిల్లలా ఎగిరింది. ఆ సంబరంలో పెట్టె సంగతి ఇద్దరం మరిచిపోయాం. రైలు ఆగాక గుర్తొచ్చింది. జిప్పు మఫ్లరు ఊలును కరిచిపట్టి కదలనంది. నేను కిందికి లాగితే ఆమె పైకి లాగింది. ఎదుటి ఆవిడ కూడా లేచొచ్చి ఓ చెయ్యి వేసింది. "పెట్టె వదిలేద్దాం, దిగు పెద్దమ్మా!" అన్నాను. "మీ పెదనాన్న గొలుసు ఇడిచిపెట్టి నేను దిగనే!" ఎట్టకేలకు జిప్పు ఊడింది. ఉల్లిగడ్డ పొరలు ఒలిచినట్టు ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ తాళంచెవిని చేరేసరికి రైలు కదిలింది.

చేతిలో తాళంచెవితో ఆమె కిటికీ దగ్గర నిలబడింది. మంచు పట్టిన కప్పులు, ఒక చర్చి శిఖరం వెనక్కి వెళ్లిపోయాయి. వంతెన కనిపించనే లేదు. రైలు మళ్లీ ఆగింది ఇటలీ సరిహద్దులో, కొండ కనుమ దగ్గర; అక్కడ దిగాం. ప్లాట్‌ఫాం అంచున పోగుపోసిన మంచును ఆమె దోసిలి నిండా తీసుకుని, "దేవునికి స్తోత్రం, మంచైతె దొరికింది" అంది. చేతులు దులుపుకుంటూ, "బ్రిడ్జే మిగిలిపాయె" అంది. మంచు వల్ల రైళ్లు ఆలస్యమై, మాకు తిరుగు బండి దొరికేసరికి చీకటి పడింది. అది ఇన్స్‌బ్రుక్‌లో ఆగింది కూడా. దిగితే పొద్దున విమానం అందదు. పెట్టె ఈసారి ఆమె ఒడిలోనే ఉంది, గొలుసు వేయలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. "వచ్చే చలికాలం మళ్లీ వద్దాం" అన్నాను. "వద్దాం తీయ్" అంది. ఆ తర్వాత ఆమె మోకాళ్లు మొరాయించాయి, కొన్నాళ్లకు ఆమే వెళ్లిపోయింది. గొలుసు నా దగ్గరికొచ్చింది.

పోయిన చలికాలం ఆఫీసు పని మీద మళ్లీ మ్యూనిక్ వెళ్లి, ఒకరోజు మిగుల్చుకుని అదే రైలెక్కాను. నా చిన్న పెట్టెకూ ఆ గొలుసే వేశాను (నెత్తురు ఊరుకోదు మరి). తాళంచెవిని మాత్రం కోటు మీద, అందరికీ కనిపించేట్టు పిన్నీసుతో గుచ్చుకున్నాను. రైలు ఆగింది, తాళం తీశాను, దిగాను. ఇంత తేలికైన పనా ఇది అని ప్లాట్‌ఫాం మీదే కాసేపు నిలబడిపోయాను. వంతెన మీదికి వెళితే ఎదురుగా బొమ్మలోని ఇళ్లు, బొమ్మలోని కొండ. నా కోటు మీది తాళంచెవిని చూసి దారినపోయే ముసలాయన నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత కొంచెం పక్కకు జరిగాను, ఇంకొకరు నిలబడేంత.