అత్తయ్య వెతికిన బండ్ల బాట

మొన్న ఆదివారం గుణదల చర్చిలో పూజ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా అత్తయ్య కుర్చీలోనే ప్రాణం విడిచి ఉంది. ఒళ్లో భూతద్దం, పక్కన చల్లారిన కాఫీ. నిద్రపోతోందనుకుని ముందు ఫ్యాను తగ్గించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది, కాస్త నవ్వూ వస్తుంది.

ఆమె మా నాన్నకు అక్క. మైలవరంలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా బల్ల వేసుకుని నలభై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసింది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే సాక్షులు కుదరలేదనేది. చూపు మందగించాక నా దగ్గరికి వచ్చేసింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఊరు అడిగేది, ఆ వెంటనే వాళ్ల పొలానికి తూర్పున ఎవరున్నారని అడిగేది. కళ్లజోడు ఎక్కడుందంటే "నీకు దక్షిణాన" అనేది. కుడి ఎడమలు మనిషి తిరిగితే మారిపోతాయి, దిక్కులు మారవు అని ఆమె వాదన. పదేళ్లు ఆమెతో ఉన్నా వంటింట్లో ఉత్తరం ఎటో నాకు ఇప్పటికీ చప్పున తట్టదు.

ఆమెకొక పిచ్చి ఉండేది. ఆమె నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, కృష్ణ వరదకు దివిసీమలోని కౌలు పొలం ఇసుక మేట వేస్తే, ఆ కుటుంబం రెండు బండ్లు కట్టుకుని మైలవరం వైపు బయలుదేరిందట. అక్కడ కొండల కింద అడవి కొట్టి సాగు చేసుకుంటే భూమి దక్కుతుందని ఎవరో చెప్పారు. దారిలో నాయనమ్మ చెల్లెలు, ఇంకా నడక రాని పిల్ల, జ్వరంతో పోయింది. బాట చీలిన చోట పాతిపెట్టి మళ్లీ బండ్లు కట్టారు. చెల్లెల్ని ఎక్కడ వదిలేశామో చూడకుండానే పోతానని ఆ ముసలామె చివరిదాకా అనేదట. ఆ చోటు తాను చూడాలని అత్తయ్య పట్టుబట్టింది.

అలాంటి బాటలు ఇప్పుడు నేల మీద లేవు, కాగితాల్లో ఉన్నాయి. పొలం అమ్మిన ప్రతి దస్తావేజులోనూ నాలుగు హద్దులు రాస్తారు. ఒకదాని ఉత్తరపు హద్దు బండ్ల బాట అయితే, బాటకు అవతలి పొలం కాగితం పట్టుకోవాలి. అక్కణ్ణించి దాని పక్క పొలానిది. అలా ఒక్కో కాగితం కలుపుకుంటూ పోతే బాట సాగుతుంది. దస్తావేజు లేఖరుల్లో చాలామంది పొలం మొహం కూడా చూడరు, పాత కాగితంలోని హద్దులే దించేస్తారు. అందుకే బాట దున్నేసి మూడు తరాలైనా కాగితంలో మాత్రం బండ్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ బద్ధకస్తులకు దణ్ణం పెట్టాలే అనేది అత్తయ్య.

ఊరూరా తిరిగి, బతిమాలి, నకళ్లు తీయించి, ఆమె ఆ బాటను మైలవరానికి రెండు కోసుల దూరం దాకా తెచ్చింది. అక్కడ ఒక పొలం దగ్గర తెగిపోయింది. ఆ కాగితంలో ఉత్తరపు హద్దుగా బాట లేదు, ఎవరో రైతు పేరుంది. లేఖరి ఎవరా అని కింద చూస్తే ఉన్నది ఆమె సంతకమే.

ఆ రోజు అన్నం తినలేదు. పనిలో చేరిన కొత్తలో, అందరిలా దించడం తప్పని, స్వయంగా పొలానికి వెళ్లి కంటికి కనిపించిందే రాసిందట. పాత హద్దులో ఏముందో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు. అంతకు ముందటి ఆ దస్తావేజుకు నకలు కూడా దొరకలేదు. దాని అసలు ప్రతి పొలం కొన్నవారి దగ్గరే ఉండాలి.

వాళ్లు మా ఊరి వన్ టౌన్‌లోనే మిరపకాయల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. పాత కాగితం చూపమంటే ఎవరికైనా అనుమానమే కదా, రెండుసార్లు కాదు పొమ్మన్నారు. మూడోసారి నా స్కూటీ మీద వెళ్లాం. గోడౌనులో ఘాటుకు తుమ్ముతూనే అత్తయ్య ఉన్నమాట చెప్పేసింది.

"మీ నాన్నగారికి దస్తావేజు రాసింది నేనేనండి. అందులో ఓ తప్పు చేశాను. అదేంటో చూసుకుని పోతాను, మీ భూమి నాకొద్దు."

ఆ ఇంటి పెద్దాయన చేతిలోని లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "తప్పు చేశానని చెప్పుకుని కాగితం అడిగినోళ్లని ఇప్పుడే చూస్తన్నానమ్మా" అని బీరువా తీశాడు.

అత్తయ్య భూతద్దం పెట్టి తూర్పు, దక్షిణం, పడమర పైకి చదివింది. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి కాగితం నా చేతిలో పెట్టింది. నేను చదివాను. బండ్ల బాట రెండుగా చీలే చోటు, ఈశాన్య మూలన చిన్నపిల్ల గోరీ.

"నేనే కొట్టేశానే" అంది అత్తయ్య. "ఆ పిల్లకి ఉన్న ఒక్క ఆనవాలూ నేనే కొట్టేశాను." మా ఇంట్లో ఆమె ఏడవగా చూసినవాళ్లు లేరు. నేను మిరపకాయల బస్తాల మధ్య చూశాను, ఘాటుకని సర్దిచెప్పుకోవడానికి కూడా నాకు మనసొప్పలేదు.

ఆ పెద్దాయన మంచినీళ్లిచ్చి, పొలం తన కూతురికి రాసివ్వాలనుకుంటున్నానని, ఆ దానపత్రం అత్తయ్యే రాయాలని అన్నాడు. అత్తయ్య చెబుతుంటే నేను రాశాను. ఆఫీసులో కుర్ర గుమాస్తా హద్దులు చూసి, ఇప్పుడక్కడ గోరీ లేదు కదండీ అన్నాడు.

"ఒకప్పుడు నేనూ అదే అనుకున్నాను బాబూ" అంది. "ఉన్నదైతే కళ్లకే కనపడుద్ది. లేకుండా పోయింది చెప్పడానికే కాగితం."

ఆమె చెప్పి రాయించిన చివరి దస్తావేజు అదే. రిజిస్ట్రేషనైన వారానికి కాళ్లకు నీరు పట్టింది, పొలం దాకా వెళ్లలేకపోయింది. రేపు తీసుకెళతాను, ఎల్లుండి తీసుకెళతాను అని నేను వాయిదాలు వేశాను. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఆమె కోరినట్టే మైలవరంలో సమాధి చేశాం. మిరపకాయల పెద్దాయనా, ఆయన కూతురూ ఇద్దరూ వచ్చారు. అంతా అయ్యాక ఆ అమ్మాయి నన్ను పొలానికి తీసుకెళ్లింది. మొక్కజొన్న వేయడానికి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కొత్తగా దున్నించారు, ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది. ఈశాన్య మూలన మాత్రం ఊయలంత మేర గడ్డి అలాగే నిలిచి ఉంది.

"కాగితంలో ఉంది కదండీ" అంది ఆ అమ్మాయి. "ట్రాక్టరాయన్ని చుట్టూ తిప్పుకు పొమ్మన్నాను."

ట్రాక్టరు చాళ్లు ఆ గడ్డి దాకా తిన్నగా వచ్చి, అక్కడ పక్కకు తిరిగి, దాన్ని దాటాక మళ్లీ తిన్నగా సాగాయి.