నలభైఐదా, ఇరవైరెండా

షార్జా దాటి ఎడారిలోకి పోయే రోడ్డు మీద ఒక షూటింగ్ క్లబ్బు ఉండేది. రెండువేల ఏడులో ఒక శుక్రవారం, చర్చి కాగానే, మా అమ్మాయీ అల్లుడూ నన్ను తిన్నగా అక్కడికి తీసుకుపోయారు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. తుపాకీ అంటే సినిమాలో చూడ్డమే. అలాంటిదాన్ని చర్చి చీరతో, బల్ల మీద వరసగా నిలబెట్టిన మూడు తూటాల ముందు నిలబడ్డాను. గుండె దడదడలాడుతోంది. ముందు భయమనుకున్నాను. ఆ వయసులో అది సరదా అని ఒప్పుకోడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అమ్మాయి సంగతి ముందు చెప్పాలి. మేము అజ్మాన్‌లో ఉండేవాళ్ళం. అమ్మాయి ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. మనవరాలిని చూసుకోడానికి నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి అప్పటికి రెండో ఏడు. అంతకుముందు ఏడాది అమ్మాయి తడి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక ఎముక బాగా అతికిందన్నారు డాక్టర్లు. అమ్మాయికి మాత్రం ఆ చేతి మీద నమ్మకం పోయింది. "కత్తెర అందిస్తుంటే వణికిందమ్మా" అంటూ తనే అడిగి, ఓపీలో చీట్లు రాసే బల్ల దగ్గరకు మారిపోయింది. పన్నెండేళ్ళు థియేటర్లో నిలబడిన పిల్ల అది! ఇంట్లో బెండకాయలు తరుగుతూ కూడా ఆ చేతినే చూసుకునేది.

తోటి నర్సు ఒకావిడ వెంట ఒకసారి క్లబ్బుకి వెళ్ళింది. తిరిగొచ్చాక మొహంలో కళ వచ్చింది. "చెయ్యి కదిలిందో లేదో అక్కడ కాగితం మీద కన్నమే చెబుతుందమ్మా. జాలిపడి బాగుందనేవాళ్ళు ఎవరూ ఉండరు" అంది. ఆ మాట నాకు నచ్చింది. నచ్చినట్టు పైకి కనపడనివ్వలేదు.

తరువాత క్లబ్బులో ఆడవాళ్ళకి పోటీ పెట్టారు. పిస్టళ్ళు క్లబ్బువే, మనం కొనేదేం లేదు. వందేళ్ళ నాటి నమూనా. కిలో పంచదార పొట్లం కంటే కాస్త బరువు. ఒకటి పేలగానే ఇంకో తూటా దానంతటదే లోపలికెక్కుతుంది, వేలు మాత్రం ప్రతిసారీ నొక్కాలి. ఒకే రకం పిస్టలు మూడు క్యాలిబర్లలో ఉంటుంది. క్యాలిబర్ అంటే తూటా ఎంత లావో ఆ కొలత. ఏది కావాలో ఫారంలో రాసివ్వాలి, రాశాక పోటీ అయ్యేదాకా మార్చకూడదు. పోటీలో చెయ్యి నిలబడితే థియేటర్‌కి తిరిగి పోవాలని, లేకపోతే ఆ ఊసే ఎత్తకూడదని అమ్మాయి తీర్మానించుకుంది. మొగుడికి చెప్పలేదు, నాకొక్కదానికే చెప్పింది.

క్లబ్బులో నేర్పేది పాకిస్తాన్ సైన్యంలో హవల్దారుగా చేసిన ఒక పెద్దాయన. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. తూటాల్ని వేలితో చూపిస్తూ, "ఇది నలభైఐదు, ఇది తొమ్మిది, ఇది ఇరవైరెండు" అన్నాడు హిందీలో. ఆ మాత్రం హిందీ నాకు అర్థమయ్యేది.

నలభైఐదు నా చిటికెన వేలంత లావుంది. తొమ్మిది దానికంటే సన్నం. ఇరవైరెండు పెన్సిలంత కూడా లేదు.

"తొమ్మిది కంటే ఇరవైరెండు చిన్నదా? నాకు అంకెలు రావనుకున్నాడా ఈయన?" అన్నాను. అల్లుడు నవ్వాపుకుంటూ హిందీలో చెప్పాడు.

"అమ్మాజీ, తొమ్మిదేమో మిల్లీమీటర్లు. మిగతా రెండూ అంగుళంలో నూరో వంతులు" అన్నాడు ఉస్తాద్.

"ఒకే బల్ల మీద రెండు కొలతలా! మా ఊరి కొట్లో ఇలా చేస్తే వీపు విమానం మోత మోగేది."

మా అల్లుడు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఇనుము ఎంత పెద్దదైతే అతనికి అంత గౌరవం. "అత్తయ్యగారూ, ఈ పిస్టలు పుట్టిందే నలభైఐదుతో. ఇంకోటి చూడండి. కాగితం మీద గుండ్రంగా గీతలున్నాయా? కన్నం అంచు గీతకి తగిలితే చాలు, పై మార్కు ఇస్తారు. తూటా పెద్దదైతే కన్నం పెద్దది. ఆ ఇరవైరెండు పిల్లకాయల ఆట వస్తువండీ" అన్నాడు.

"మరి రేటు?"

"పోటీ ఫీజులోనే ఒక డబ్బా తూటాలిస్తారు. ఏదైనా అదే ఫీజు."

ఇంకేముంది! అదే డబ్బుకి పెద్దది వస్తుంటే చిన్నది తీసుకునే మనిషిని నేను పుట్టాక చూడలేదు. "నలభైఐదు రాయవే" అన్నాను.

"ఒకసారి తొమ్మిది కూడా చూస్తానమ్మా..."

"చూసేదేముంది? రాయి."

రాసింది. ముప్పై అయిదేళ్ళదైనా నా గొంతు లేస్తే రాసే పిల్లే. ఉస్తాద్ ఫారం అందుకుని జేబులో పెట్టుకున్నాడు. "అయిదింటికి మా ముదీర్, మేనేజర్ సాబ్, వచ్చి పట్టుకుపోతాడు. ఆ తరువాత ఖలాస్, మార్చడం కుదరదు. అందాకా కాల్చి చూసుకో బేటీ" అన్నాడు. అప్పటికి మూడున్నర.

చెవులకి మూతలు పెట్టారు. అమ్మాయి నిలబడి నలభైఐదు పేల్చింది. అబ్బో! చెవులు మూసినా ఆ మోత నా పక్కటెముకల్లో దిగింది. పిస్టలు పైకెగిరింది. ఇంకోటి, ఇంకోటి. కాగితం దగ్గరకు లాగి చూస్తే కన్నాలన్నీ కిందా ఎడమపక్కనా చెల్లాచెదురుగా పడ్డాయి. "అలవాటవుతుందిలే" అన్నాడు అల్లుడు.

ఉస్తాద్ పిస్టలు అందుకున్నాడు. మాకు వీపు పెట్టి మళ్ళీ తూటాలు నింపి ఇచ్చాడు. మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోసారి టక్కుమని ఊరుకుంది. మందు లేని ఉత్త తూటాని మధ్యలో దాచిపెట్టాడు ఆయన. మోత లేదు, పొగ లేదు, అయినా పిస్టలు మూతి బెత్తెడు కిందికి కుంగింది. అందరం చూశాం.

అమ్మాయి పిస్టలు బల్ల మీద పెట్టేసింది. "చూశావా అమ్మా! ఈ చెయ్యింతే. ఇక దీంతో కాదు" అంది తెలుగులో, నాకొక్కదానికే వినపడేలా.

ఉస్తాద్ తొమ్మిది ఇచ్చి చూశాడు. ఉత్త తూటా వచ్చినప్పుడు మళ్ళీ కుంగింది, కాస్త తక్కువ.

అప్పుడు నాకు వెలిగింది. వణికే చెయ్యి అటూ ఇటూ ఊగుతుంది. ఇది ఊగలేదు, దెబ్బ తగులుతుందని ముందే బిగుసుకుంది.

"ఏమే, సూది పొడవకముందే జబ్బ బిగబట్టేవాళ్ళని నువ్వు రోజూ చూస్తావు కదా. వాళ్ళ చేతికేమైనా రోగమా?"

నా మొహంలోకి చూసింది. "కాదు. నొప్పెడుతుందని ముందే బిగిస్తారు."

"నువ్వు చేస్తోందీ అదే."

అల్లుడు ఆ మాట హిందీలో చెప్పగానే ఉస్తాద్ బల్ల మీద చరిచాడు. "బిల్కుల్! చెయ్యి దివ్యంగా ఉంది. దెబ్బ పడకముందే జవాబు చెబుతోంది, అంతే!"

"అయితే ఆ చిన్నదివ్వండి, ముందు నాకు" అన్నాను.

అల్లుడు నోరు తెరిచాడు. ఉస్తాద్ మాత్రం నా చేతుల్లో పిస్టలు పెట్టి, పక్కనే తన చెయ్యి కాపు ఉంచాడు. పమిట నడుముకి దోపాను. గురి చూడ్డానికి పిస్టలు మూతి మీద మేకు తల లాంటిది ఉంటుంది, దాన్ని కాగితం మీద గుండ్రం మధ్యలోకి తెచ్చాను. మెల్లిగా నొక్కమన్నాడు. నొక్కాను.

టప్.

అంతే! తాలింపులో ఆవగింజ చిట్లినంత. అంత బరువు పిస్టలుకి అంత చిన్న తూటా లెక్కేం కాదు కాబోలు, ఎగరనే లేదు. మేకు తల నా కంటి ముందే ఉండిపోయింది. కాగితం మీద, ఓ అంచునైతేనేం, కన్నం పడింది! నేను గట్టిగా నవ్వేశాను. మా అల్లుడు నా నవ్వు వినడం అదే మొదటిసారి అనుకుంటా. "ఇంకోటి" అన్నాను. మరో నాలుగు పేల్చాను.

"యల్లా అమ్మాజీ, మీ అమ్మాయికి కూడా మిగల్చండి!" అన్నాడు ఉస్తాద్.

అమ్మాయి తీసుకుంది. మొదట ఉత్త తూటా వచ్చినప్పుడు మూతి కొంచెం కుంగింది. ఉస్తాద్ మళ్ళీ నింపాడు. ఊపిరి వదిలి సగంలో ఆపు, వేలు ఎప్పుడు పని చేసిందో నీకే తెలియకూడదు అన్నాడు. డబ్బా సగమైంది. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. టప్, టప్, టప్, టక్. మూతి కదల్లేదు. వెంట్రుకవాసి కదల్లేదు! నేను అల్లుడి భుజం పట్టుకుని ఊపేశాను. కన్నాలన్నీ నడిమి గుండ్రం చుట్టూ ముసురుకుని ఉన్నాయి.

"కన్నం చిన్నది కదండీ, గీత దగ్గర పడ్డ మార్కులు పోతాయి" అన్నాడు అల్లుడు, ఇంకా మనసొప్పక.

"గీత దగ్గర పడ్డం దేనికి? నడిమధ్య పడమనండి."

ఇక మిగిలింది ఫారం. అది అమ్మాయి అడగలేదు. నా మాట కాదనడం దానికి అలవాటు లేదు. నేనే ఉస్తాద్ ముందు చెయ్యి చాపాను. "నలభైఐదు రాయమన్నది నేను, తప్పు నాది" అన్నాను, అల్లుడి ముందే. అలాంటి మాట నా నోట రావడం ఎంత కష్టమో నాకే తెలుసు. అంకె కొట్టేసి, పక్కన నా చేత్తోనే ఇరవైరెండు వేశాను. ముదీర్ వచ్చేసరికి సిరా కూడా ఆరలేదు.

రెండు వారాలకి పోటీ. పన్నెండు మంది ఆడవాళ్ళు. నలభైఐదు పట్టినవాళ్ళ మోతకి పక్కవాళ్ళు ఉలిక్కిపడుతుంటే మా అమ్మాయి కుర్చీలో కూర్చుని చీటీ రాస్తున్నంత నింపాదిగా పేల్చుకుంటూ పోయింది. రెండు కన్నాలు గీతకి గోరంత దూరంలో ఆగిపోయాయి. అల్లుడు "అయ్యో, నలభైఐదైతే తగిలేది!" అని నెత్తి కొట్టుకున్నాడు. నాలుగో స్థానం వచ్చింది. కప్పు మూడో స్థానం వరకే.

నేను అమ్మాయి మొహం చూశాను. అది మార్కుల బోర్డు వైపు కూడా చూడ్డం లేదు. కారు దగ్గరికి నడుస్తూనే థియేటర్ ఇన్‌చార్జికి ఫోను చేసింది.

"సిస్టర్, ఆదివారం నుంచి నన్ను లిస్టులో వెయ్యండి" అంది. అవతలావిడ ఏదో అడిగింది. "ఏ కేసైనా సరే. పొద్దుటి డ్యూటీ అయినా సరే."

అల్లుడు బిత్తరపోయి నావైపు చూశాడు. "ఏంటండీ ఇది? మీకు ముందే తెలుసా?"

"తెలుసు. తలుపు తియ్యండి, ఎండ మండిపోతోంది" అన్నాను.

ఆదివారం అయిదింటికల్లా లేచి ఇడ్లీ పెట్టాను. అమ్మాయి అప్పటికే తయారై కూర్చుంది.