సిస్టరమ్మ పెన్సిల్ లెక్క

మా సిస్టరమ్మ పోయిందన్న కబురు బుధవారం పొద్దున తొమ్మిది దాటాక వచ్చింది. నేను మిషన్ ముందు కూర్చుని ఎవరిదో పెళ్లి చీరకు ఫాల్ కుడుతున్నాను. పాస్టరయ్య భార్య ఫోన్ చేసింది. "సిస్టరమ్మ లేవలేదమ్మా. పక్కింటోళ్లు తలుపు కొట్టి కొట్టి లోపటికి పోయిండ్రట. నిద్రలనే ప్రభువు దగ్గరికి పోయింది" అని చెప్పింది. ఏడుపు కన్నా ముందు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. అదే పొద్దున ఏడింటికి నేను ఆమెకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఒంట్లో బాగాలేదేమో అన్న ఆలోచనే నాకు రాలేదు. ఇంకా అలిగే ఉన్నట్టుంది, ఉంటే ఉండనీ అనుకున్నాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా చర్చివాళ్లు అడిగారు. ఆమె మంచితనం రాయడానికి చాలామంది ఉన్నారు. నేను రాస్తే నా తప్పు కూడా కలిపి రాయాలి, లేకపోతే ఆమె ఎవరో మీకు సగమే తెలుస్తుంది.

మాది శామీర్‌పేట దగ్గర అలియాబాద్. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను, మా ఆయన స్కూలు వ్యాన్ నడుపుతాడు. సిస్టరమ్మ చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. పట్నంలో ఒక పెద్దాసుపత్రి పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చింది. ఉద్యోగం అయిపోయినా గడియారాన్ని చేతికి పెట్టుకోలేదు, పిన్నుతో చీర మీద తలకిందులుగా వేలాడదీసుకునేది. ఎవరింటికి పోయినా ముందు చేతులు కడుక్కునేది. చక్కెర లేని చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేది. అదేం రుచి అని ఎవరైనా అంటే, "చాయ్‌కు చాయ్ రుచి ఉంటది, మీకు చక్కెర రుచే తెలుసు" అనేది. ఊళ్లో సగం మందికి ఆమె అంటే భయం. నాకూ భయమే, కాకపోతే నా భయం నోట్లోకి వచ్చేసరికి కోపం అయిపోతుంది. అది నా పుట్టుబుద్ధి.

మా మెర్సీకి తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. పిల్లలకు వచ్చే రకం. మాత్రలతో పోదు, తిన్నప్పుడల్లా ఇన్సులిన్ సూది వేయాల్సిందే. ఎక్కువ పడితే షుగర్ పడిపోయి పిల్ల స్పృహ తప్పుతుంది. తక్కువ పడితే పెరిగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పట్నంలో సుచిత్ర అనే చోట మేం చూపించుకునే డాక్టరమ్మ, ఎంత తింటే ఎంత సూది వేయాలో లెక్క నేర్పింది. కూడికలకే తడబడే నా తంటా చూసి, ఫోన్‌లో ఒక యాప్ కూడా వేసి, మెర్సీకి సరిపడే అంకెలు తనే అందులో పెట్టి ఇచ్చింది. ఇప్పుడు షుగర్ ఎంతుందో, పిల్ల ఏం తినబోతోందో నొక్కితే చాలు, ఎన్ని యూనిట్లు వేయాలో అదే చెబుతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కనబడిన వాళ్లందరికీ ఫోన్ తీసి చూపించాను.

సిస్టరమ్మకూ చూపించాను. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చాలాసేపు చూసింది. "గుణకారం మస్తు జేస్తాంది. నాకన్న జల్దీ జేస్తాంది. గని ఎవరి ఆదితోని జేస్తాంది?" అని అడిగింది. కొత్త జాకెట్ కుట్టించుకునేవాళ్లు కొలత కోసం దర్జీకి ఇచ్చే పాత జాకెట్‌ను ఆది జాకెట్ అంటాం. నా పని మాటతోనే నన్ను అడిగింది. డాక్టరమ్మ పెట్టిన అంకెలేనని చెప్పాను. "అయితే మంచిదే. గని బిడ్డ పెరుగుతది. నిరుటి ఆది చూసి ఈ యేడు జాకెట్ కోస్తవా? జర పెరిగినప్పుడల్లా పోయి డాక్టరమ్మను అడుగు" అంది.

ఆ ఏడే కోతపండుగ నాడు చర్చిలో ఆరాధన అయ్యాక ప్రేమ విందు పెట్టారు. బగారా అన్నం, కోడికూర. తినడానికి పదిహేను నిమిషాల ముందు సూది వేయమని యాప్ చెబుతుంది. పాస్టరయ్య "చివరి ప్రార్థన చేసుకుందాం" అనగానే నేను బెంచీ మీదే మెర్సీకి సూది వేసేశాను. చివరి ప్రార్థన అంటే నిజంగానే చివరిదని అనుకోవడం నా తెలివితక్కువతనం, పుట్టినప్పటి నుంచి ఆ చర్చికే పోతున్నదాన్ని. ఆయన రోగుల కోసం ప్రార్థించారు. పరీక్షలు రాసే పిల్లల కోసం, చెరువు మీద బతికే బెస్తవాళ్ల కోసం, వంట చేసిన చేతుల కోసం ప్రార్థించారు. కూర వాసన వస్తోంది గానీ కూర రావడం లేదు. మెర్సీ తల నా భుజం మీద వాలింది. మెడంతా చల్లటి చెమట. పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. చర్చి మొత్తం కళ్లు మూసుకుని ఉంటే సిస్టరమ్మ ఒక్కతే తెరిచి ఉంది. బెంచీలు తోసుకుంటూ వచ్చి, సంచిలోంచి గ్లూకోజ్ నీళ్ల సీసా తీసి గుక్క గుక్కగా తాగించింది. అందరూ ఆమెన్ అనేసరికి పిల్ల తేరుకుని నా వైపు చూసింది.

బయటికి వచ్చాక నేను ఏడుస్తూ ఆ యాప్‌ను నానా తిట్లూ తిట్టాను. "దాన్నెందుకు తిడ్తవ్? మన పాస్టరయ్య ప్రార్థన ఎంతసేపో గా ఫోన్‌కేం తెలుసు? నీకు తెల్వదా?" అంది సిస్టరమ్మ. "పదిహేను నిమిషాల ముచ్చట ఇంట్ల. గీడ మాత్రం అన్నం పళ్లెంల పడ్డంకనే సూది."

మర్నాటి నుంచి సాయంత్రాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. పాత క్యాలెండర్ కాగితం వెనక మూడు గడులు గీసేది. ఒకటి నాది, ఒకటి మెర్సీది, ఒకటి ఫోన్‌ది. ముందు మేమిద్దరం మనసులో లెక్క వేసుకుని మా గడుల్లో రాయాలి, ఆ తర్వాతే ఫోన్ తెరవాలి. మూడూ ఒక్క యూనిట్ అటూ ఇటూగా ఉంటే సరే. అంతకన్నా తేడా వస్తే ఎందుకు వచ్చిందో తేలేదాకా సూది లేదు. రాసిన కాగితం ఆమె వైపు తిప్పితే, చూసి ఊ అనేది. పెన్సిల్ బొటనవేలంత మిగిలినా పారేయలేదు. జారకుండా నా దగ్గర ఎర్ర దారం అడిగి చుట్టుకుంది. "ఫోన్‌కు లెక్క తెలుసు, బిడ్డ తెల్వదు. నీకు బిడ్డ తెలుసు, లెక్క తప్పుతవ్. ఇద్దరి మాట కలిస్తేనే సూది" అనేది. మొదట్లో నా గడిలో అన్నీ తప్పులే. మెర్సీ మాత్రం పదేళ్లకే పప్పన్నం ముద్దలు చూసి అంకె చెప్పేసేది.

ఈ మధ్య మెర్సీకి పన్నెండు నిండాయి. ఒక్కసారిగా ఎత్తు పెరిగింది, షుగర్ కూడా ఎప్పుడు చూసినా ఎక్కువే చూపించసాగింది. డాక్టరమ్మ దగ్గరికి పోవాల్సిన తేదీకి ఇంకా పది రోజులుంది. ఇలాంటి పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో ఒకామె తన కూతురికీ పన్నెండేళ్లేనని, యాప్‌లో అంకెలు మార్చాక బాగా కుదిరిందని ఫోటో పెట్టింది. ఆ అంకెలే తీసి నేను మా యాప్‌లో ఎక్కించాను. ఇంకొకరి కొలత చీటీ చూసి నా జీవితంలో ఒక్క జాకెట్ కూడా కోయలేదు. నా బిడ్డ విషయంలో మాత్రం ఆ పనే చేశాను.

సోమవారం సాయంత్రం గడుల్లో నాకు నాలుగు వచ్చింది, మెర్సీకీ నాలుగే. ఫోన్ ఏడంది. సిస్టరమ్మ మొహం మారిపోయింది. "ఏం మార్చినవ్ దీంట్ల?" అని అడిగింది. చెప్పాను. "డాక్టరమ్మకు ఫోన్ జెయ్యి. అప్పటిదాక ఇది ముట్టకు" అంది. తప్పు దొరికిపోయిందని నాకు ఒళ్లు మండింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "మీ కాలం అయిపోయింది సిస్టరమ్మా. ఎన్ని రోజులని మీ పెన్సిల్ ముందట చేతులు కట్టుకుని నిలబడాలె? గా ఫోన్ చూస్కుంటది ఇగ" అనేశాను. మెర్సీ తల దించుకుంది. సిస్టరమ్మ పెన్సిల్ సంచిలో వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "కోపం నా మీద తీర్చుకో. బిడ్డ మీద తీర్చకు" అని వెళ్లిపోయింది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

ఆ పూట నాలుగే వేశాను. మంగళవారం ఆమె రాలేదు, నేనూ పోలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేయలేదు. బుధవారం పొద్దున షుగర్ మళ్లీ ఎక్కువుంది. మూడు ఇడ్లీలకు ఫోన్ ఆరు యూనిట్లంది. భయమేసి సిస్టరమ్మకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తకపోయేసరికి ఆ భయం కాస్తా పంతమైంది. గడులూ లేవు, పెన్సిలూ లేదు. ఆరు యూనిట్లు వేసి పిల్లను వాళ్ల నాన్న వ్యాన్ ఎక్కించాను. నేను ఫోన్ చేసే వేళకు ఆమెకు ఊపిరి ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. నేను లేచి వెళ్లి ఉంటేనో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. చర్చి మా ఇంటికి నాలుగు ఇళ్ల అవతల.

కబురు విన్న క్షణంలో ఆమె గొంతు చెవిలో పడ్డట్టయింది, ఎవరి ఆదితోని జేస్తాంది అని. నేను ఆమె ఇంటికి పోలేదు. ఆ ఇంటి ముందు జనం గుమికూడి ఉంటే, వాళ్లను దాటుకుని రోడ్డెక్కి, శామీర్‌పేట ఆటో పట్టుకుని స్కూలుకు పరుగెత్తాను. జనం ఏమనుకున్నారో నాకు తెలియదు.

మెర్సీ స్టాఫ్‌రూములో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు గ్లూకోజ్ పొడి పొట్లం, సగం తిన్న బిస్కెట్లు, షుగర్ చూసుకునే మిషన్. పెదవులు పాలిపోయి ఉన్నాయి. మొదటి పీరియడ్ మధ్యలోనే లేచి వచ్చిందని, చూసుకుంటే డెబ్బైకి తగ్గకూడని షుగర్ అరవై నాలుగే ఉందని, తిని మళ్లీ చూస్తే ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తిన్నదని టీచరమ్మ చెప్పింది. ఇప్పుడిప్పుడే పైకి వస్తోంది.

"ఎట్ల తెలిసింది బిడ్డా?" అన్నాను.

"నా లెక్కల నాలుగే వచ్చింది మమ్మీ. నువ్వు ఆరు వేసినవ్. పడిపోతదని తెలుసు. అందుకే జర చెమట రాంగనే లేచొచ్చి చూస్కున్న."

"మరి నాకు చెప్పలేదేందే?"

మెర్సీ ఇంకో బిస్కెట్ తీసుకుంది. "నువ్వు కోపంల ఉన్నవ్" అంది.

సిస్టరమ్మ పోయిందని అక్కడే, ఆ బల్ల దగ్గరే చెప్పాను. మెర్సీ బిస్కెట్ నోట్లో పెట్టుకునే ఏడ్చింది. ఏడుస్తూనే నమిలింది.

మర్నాడు సమాధి చేసి వచ్చాక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. పిల్ల పెరిగింది కాబట్టి అంకెలు మార్చాల్సిందే గానీ, నేను మార్చినంత కాదని చెప్పి తనే సరిచేసింది. యాప్‌లో ఏ తప్పూ లేదు. నేనిచ్చిన అంకెలకు అది లెక్క సరిగ్గానే చేసింది. ఇప్పుడూ వాడుతున్నాం. దాన్ని నమ్ముతున్నానా అని అడిగితే, నమ్మడానికి ముందు నన్ను నేను రెండుసార్లు ప్రశ్నించుకుంటున్నాను.

ఆదివారం సాయంత్రం చర్చి ఆవరణలో ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. సుచిత్ర నుంచి వచ్చిన సిస్టరమ్మ చెల్లెలు, అక్క సంచిలో దొరికిందని ఎర్ర దారం చుట్టిన ఆ పెన్సిల్ ముక్కను మెర్సీ చేతిలో పెట్టింది. తర్వాత భోజనాలకు కూర్చున్నాం. పాస్టరయ్య చాలాసేపు ప్రార్థించారు. నేను కళ్లు మూసుకోలేదు. మెర్సీ కూడా మూసుకోలేదు. ఇన్సులిన్ పెన్ను మూత తీయకుండా ఒళ్లో పట్టుకుని, ఖాళీ పళ్లెం వైపు చూస్తూ కూర్చుంది. ఆమెన్ అన్నారు. అన్నం వచ్చింది, కూర వచ్చింది. అప్పుడు మెర్సీ కూడికలో పంచిన పాటల కాగితం వెనక మూడు గడులు గీసి, తన గడిలో అంకె రాసి చేత్తో మూసి, పెన్సిల్ నాకిచ్చింది. నేను నాది రాశాను. తర్వాత ఫోన్ తెరిచింది. మూడూ ఒకటే.

మెర్సీ అలవాటు కొద్దీ ఆ కాగితాన్ని పక్కన ఉన్న ఖాళీ కుర్చీ వైపు తిప్పి, కాసేపు ఆగింది.