వామి మీద నా శ్రద్ధాంజలి

ఆ రోజు కంది చేలో కలుపు తీస్తుంటే చలి పుట్టింది. రాళ్లు సెగలు కక్కే మధ్యాహ్నం పళ్లు కటకటలాడాయి. ఎండదెబ్బ అనుకున్నాను. ఊర్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు. ఐదు రోజులైనా జ్వరం దిగలేదు.

అనంతపురం ఆసుపత్రిలో డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్ టెస్టులన్నీ చేశారు. ఏదీ తేలలేదు. "ఒంటి మీద ఎక్కడైనా నల్ల మచ్చ ఉందామ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. నడుము దగ్గర, చీర కట్టు కింద ఉంది. నొప్పి లేదు, దురద లేదు. పక్కనే మా మరిది సురేంద్ర నిలబడి ఉన్నాడు. సిగ్గేసి "లేదు" అన్నాను.

మరుసటి రోజుకు ఆయాసం. ఆక్సిజన్, ఆపైన వెంటిలేటర్. నర్సు బట్టలు మారుస్తూ ఆ మచ్చ చూసి కేకేసిందట. "స్క్రబ్ టైఫస్. పురుగు కుట్టిన చోటు ఇదే. మందు ఉంది, కానీ లేటయింది. ఈ రాత్రి గడవాలి" అని డాక్టరమ్మ మావాళ్లతో అందట.

గడిచింది. ట్యూబ్ తీశాక కిడ్నీలు మొరాయించి ఇంకో వారం ఉంచారు.

ఇంటికొచ్చిన మూడో రోజు గోడ పట్టుకుని పెరట్లోకి నడిచాను. పశువుల మేతకు పేర్చిన వేరుశనగ కట్టె వామి మీద కప్పిన ఫ్లెక్సీలో నేనే నవ్వుతున్నాను. మెడలో దండ. అక్కడే కూలబడ్డాను.

నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదివాను. "శ్రద్ధాంజలి. అడిగినవారికి లేదనని అమ్మ, నాగలక్ష్మమ్మ." కింద గుండ్రంగా పద్నాలుగు ఫోటోలు. మా ఆయన, పిల్లలు, చివరికి మా ఇంట్లో పాలు పోయించుకునేవాళ్లు కూడా. నా చెల్లెలు ఓబుళమ్మ లేదు.

"ఏందప్పా సురేంద్రా ఇది?"

మరిది తల గోక్కున్నాడు. "డాక్టరమ్మ అట్లనేసరికి భయపడితిమి వదినా. ఇప్పుడు పోయిన గంటకే ఫ్లెక్సీ కడతాండారు, మనకు లేకుంటే నామర్దా కదా. ముందే కొట్టించినా. నువ్వేమో బతికితివి. మంచి షీటు, పారేయబుద్ధి కాలే."

"ఓబుళమ్మ ఫోటో యాడ?"

"సచ్చినా దాని మొగం సూడనంటివి కదా. అందుకే యేయించలే."

మూడేళ్ల కిందట దాని బోరు ఎండిపోయింది. వేరుశనగ కాయ ఊరే సమయం. "అక్కా, ఒక్క తడి ఇయ్యి" అని గట్టు మీద నిలబడి అడిగింది. నా బోరులో నీళ్లున్నాయి. రేపు నాదీ ఎండితే ఎట్లా అని, లేవన్నాను. దాని పంట నిలువునా మాడింది. నలుగురిలో ఆ మాట ఎత్తిందని నేనే మాటలు మానేశాను.

అడిగినవారికి లేదనని అమ్మ! నేను పోయి ఉంటే బస్టాండులో అదే కట్టేవాళ్లు. దాని కింద నుంచే ఓబుళమ్మ బస్సెక్కేది. సరే, నిజం రాయాలంటే ఏం రాయాలి నా గురించి? ఎంత వెతికినా ఆ గట్టు తప్ప ఇంకేం గుర్తుకు రాలేదు.

కర్ర పట్టుకుని దాని ఇంటికి పోయాను. మచ్చ సంగతీ, ఫ్లెక్సీ సంగతీ అన్నీ చెప్పి, "నా బోరు నుంచి పైపు ఏసుకో" అన్నాను.

ఎగాదిగా చూసింది. "నీళ్లుండి లేవంటివి, మచ్చుండి లేదంటివి. సచ్చి బతికితే గానీ నిజం రాదా అక్కా నీ నోట్లోంచి?" అంది. "కూచో ముందు, పడతావు" అని మంచం వాల్చింది.

ఇప్పుడు సగం బలమే ఉంది. వారానికి రెండు తడులు దాని చేనికి పోతాయి. వామి మీద ఫ్లెక్సీని నేనే తిరగేసి కప్పాను.

నేను చెప్పేది ఒక్కటే. జ్వరం దిగకపోతే ఒళ్లంతా వెతుక్కోండి, చీర కట్టు కింద కూడా. మచ్చ ఉంటే పక్కనున్నవాళ్లను బయటికి పంపించి అయినా సరే, ఉందని డాక్టరుకు చెప్పండి.