రోజుకు ఐదు ఇంగ్లీషు మాటలు

మొన్న తిరుచానూరు బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన ముక్కుపొడి డబ్బా మూత తీశాడు. ఆ ఘాటు తగిలీ తగలకముందే నా నడుం నిటారైంది. అరవై దాటినదాన్ని, మనవరాలి ఓణీల ఫంక్షనుకు పూలు బేరమాడి వస్తున్నదాన్ని, ఎవరో పాఠం అప్పజెప్పమన్నట్టు బిగుసుకుపోయాను. ముక్కుపొడి అంటే నాకు దామోదరయ్య సారే.

డెబ్బైల చివర్లో ఆయన చిత్తూరులో లాయరు. నేను పాకాల నుంచి రోజూ బస్సులో వెళ్ళి ఆయన ఆఫీసులో టైపు కొట్టేదాన్ని. నాకు పంతొమ్మిదేళ్ళు. "సారు వద్దన్నాడంటే ఇంటికాడే ఉండిపోవాల" అని నాయన ముందే చెప్పి పంపాడు. అందుకే సారు దగ్గినా నా గుండె దడదడలాడేది. నిజానికి ఆయన తిట్టే మనిషి కాదు. పొద్దున్నే, పాడైన టైపు కాగితం వెనక ఐదు ఇంగ్లీషు మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు రాసిచ్చేవారు. కొన్ని ఆ రోజు కేసుల్లోవి, కొన్ని ఆయన లావుపాటి డిక్షనరీలోవి. పలకబోతే నాలుక మడతపడేది. సాయంత్రం అప్పజెబితేనే ఇంటికి. "తెలుగులో చెప్పు. కోర్టు మెట్లమీద కూసోనుండే వాళ్ళకి చెప్పినట్టు చెప్పు" అనేవారు. ఆ ఇంగ్లీషు అర్థాలు బట్టీ పట్టడానికే నా రోజు చాలేది కాదు.

మా కక్షిదారుల్లో చెంగమ్మ ఒకతె. కాణిపాకం పక్క పల్లె. మొగుడు పోయాక, బావి కింద ఉన్న అరెకరాన్ని మరిది ఆక్రమించుకుంటే దావా వేసింది. ఆమె బతుకంతా ఆ అరెకరమే. ఒక శుక్రవారం మధ్యాహ్నం, సారు కోర్టులో ఉండగా వచ్చింది.

"సోమవారం నేను రావాల్నా పాపా? తిరుపతిలో మా చెల్లెలి కూతురికి సీమంతం ఉండాది" అంది.

సారు డైరీ తెరిచాను. ఆమె పేరు పక్కన 'పెరెంప్టరీ' అని రాసి ఉంది. పొద్దున సారు రాసిచ్చిన ఐదు మాటల్లో అదొకటి. ఇంగ్లీషు అర్థం గడగడా వచ్చు, అసలు సంగతి ఏమిటో తెలియదు. తెలియదంటే ఈమె సారుతో చెబుతుందేమో, నా ఉద్యోగం పోతుందేమో! "ఉత్త వాయిదానే అక్కా. నువ్వు రాకపోయినా ఏం కాదు" అనేశాను.

"సల్లగుండు తల్లీ" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం సారు అడిగిన మొదటి మాట అదే. ఒక్క గుక్కలో అర్థం చెప్పాను.

"తెలుగులో?"

ఆ ఇంగ్లీషు అర్థమే మళ్ళీ అప్పజెప్పాను. ఆయనే చెప్పారు: "ఇంక వాయిదాలు లేవు, ఇదే కడపటి తూరి అని. సోమవారం చెంగమ్మ వచ్చి సాక్ష్యం చెప్పకపోతే దావా కొట్టేస్తారు. ఆమె వచ్చిందా? చెప్పినావా?"

చెప్పినానని అబద్ధమాడితే తప్పు ఆమె మీదికి పోతుంది, నేను బయటపడతాను. ఆ పాడు ఆలోచన నాకు వచ్చింది, దాచుకోను.

"రావద్దని చెప్పినాను సార్."

"తెలీదని ఎందుకు చెప్పలేదు?"

"మీరు పనిలోనించి తీసేస్తారని భయమేసింది సార్."

సారు ముక్కుపొడి డబ్బా మూత తీసి, పీల్చకుండానే మళ్ళీ మూసేశారు. "అంత భయపెట్టినానా నిన్ను" అన్నారు. "రేపు పొద్దున్నే పో. నువ్వే చెప్పాల ఆమెకి."

ఆమె అప్పటికే ఊరు దాటి ఉంటుందేమోనని శనివారం బస్సులో దారి పొడుగునా వినాయకుడికి మొక్కుతూనే ఉన్నాను. చెంగమ్మ గడప దగ్గర కూర్చొని గాజులు టవల్లో మూటగడుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందని తల దించుకున్నాను. ఆమె మూట పక్కన పెట్టింది.

"నీకు ఇంగిలీసు వచ్చు గదా అని అడిగినాను పాపా" అంది. అంతే.

గాజులు పక్కింటామెతో పంపి, సోమవారం కోర్టుకు వచ్చింది. చివరికి ఆ అరెకరం ఆమెకే దక్కింది. సారు నన్ను పనిలోనుంచి తీసెయ్యలేదు, ఐదు మాటలూ ఆపలేదు. అప్పజెప్పించుకునే ముందు మాత్రం "వీటిల్లో నీకు అర్థం కానిదేది?" అని అడగడం మొదలుపెట్టారు. అది చెబితే సంతోషపడేవారు.

ఆ మాటల్లో సగం మరిచిపోయాను. ఇప్పటికీ వీధిలోవాళ్ళు ఆస్పత్రి కాగితాలు తెచ్చి చదివి చెప్పమంటారు. నిన్న పక్కింటి కోడలు తెచ్చింది. ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ఇది నాకు తెలీదమ్మా, డాక్టరునే అడుగుదాం పద" అని చెప్పులేసుకున్నాను. చెంగమ్మ ఆ రోజు నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే, ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.