పీచులో పెట్టిన చెయ్యి

డెబ్బైల చివర మామిడికుదురు దగ్గర కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో నేను పనికి చేరినప్పుడు ఉన్నది ఒక్కటే షెడ్డు. మా షావుకారు గారు పొద్దున్నే వచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆరబెట్టిన పీచు కుప్పలో మోచేతిదాకా చెయ్యి దూర్చేవారు. లోపల చల్లగా తగిలితే "ఇంకా ఆరాలమ్మా" అనేవారు. తరవాత మాతోపాటే కట్టలు కట్టిన పీచు బేలు మీద కూర్చుని టీ తాగేవారు. "మీరన్నది తప్పండీ" అని మొహమ్మీదే అనేసేదాన్ని. నవ్వేవారు.

మూడు షెడ్లయ్యేసరికి ఆయనకి అద్దాల గది వచ్చింది. మాకు ఆయన బావమరిది సూపర్వైజరుగా వచ్చాడు. ఏదున్నా ఈయనకే చెప్పాలి. ఆ మహానుభావుడికేమో "ఆయ్" తప్ప ఇంకో మాట రుచించదు.

ఒక వానాకాలం, లారీ గేటు దగ్గర సిద్ధంగా ఉంది. పీచు లోపల ఇంకా తడి.

"ఆరిపోయిందిగా, బేళ్ళు కట్టేయండమ్మా" అన్నాడు సూపర్వైజరు.

"ఆయ్, ఆరిందండీ" అన్నారు ఆడవాళ్ళంతా.

నాకు ఒళ్ళు మండిపోయింది. తడి బేలు దారిలోనే మగ్గి నల్లబడుతుంది. ఇంకొక్క లోడు అలా వస్తే మీ సరుకే వద్దని కొనేవాళ్ళు అప్పటికే చెప్పేశారు. అదే జరిగితే మా అందరి పనీ గోవిందా! కాలుగాలిన పిల్లిలా గదిదాకా వెళ్ళడం, వెనక్కి రావడం. చివరికి ఉండబట్టలేక, ఒడినిండా పీచు తీసుకెళ్ళి షావుకారు గారి బల్ల మీద కుమ్మరించాను.

"ఇదేంటమ్మా!" అంటూనే చెయ్యి దూర్చారు. పాత అలవాటు. వెంటనే లారీ ఆపించారు. హమ్మయ్య అనుకున్నాను.

గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచారు. పక్కన బావమరిది మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

"మంచి పనే చేసేవు గానీ, ఇకమీద ఏదున్నా సూపర్వైజరు గారితోనే చెప్పమ్మా. పద్ధతుండాలి కదా."

పద్ధతట! ఇంటికెళ్ళి గిన్నెల మీద చూపించాను ఆ కోపం.

మళ్ళీ ముసురు పట్టింది. మళ్ళీ తడి పీచే, మళ్ళీ లారీ. "ఆరిందా?" అన్నాడు సూపర్వైజరు. ఆడవాళ్ళంతా నా వైపే చూశారు. నాకు నిలబడ్డచోట కాలు నిలవడం లేదు. అద్దాల గది వైపు చూశాను. ఆ గుమ్మంలోనే షావుకారు గారు, అమలాపురం నుంచి వచ్చిన పెద్దమనిషెవరికో మా షెడ్లు చూపిస్తున్నారు.

"ఆయ్, ఆరిందండీ" అన్నాను.

"చూసేరా," అన్నారు షావుకారు గారు సంబరంగా, "మా దగ్గర ఒక్కరూ ఎదురు చెప్పరండీ."

లారీ గేటు దాటింది.