దొరసానిగారు నీళ్ళు పోసిన పాపలు

ఆ రోజుల్లో మాకు తెలుగు రాదని ఎవరూ అనలేదు గాని, దొరసానిగారు నోరు విప్పితే మాత్రం ఆ అనుమానం మాకే వచ్చేది. అరవైల చివరి మాట. నాకు ఇరవై ఏళ్ళు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ సాలూరులో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. పిన్ని మిషనులో బైబిలు స్త్రీ. అంటే దొరసానిగారితో కలిసి ఊళ్ళు తిరిగి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి, పాటలు పాడించి, వాక్యం చెప్పే మనిషి. ఆ వేసవిలో కాలు బెణికి మంచాన పడి, తన బదులు నన్ను పంపింది. "నువ్వేటీ పెద్దగా సెయ్యక్కర్లేదే. అమ్మగారి పక్కన కూకో. ఆడోళ్ళకి అరదం కాకపోతే మన మాటలో సెప్పు. అంతే" అంది. అంత తేలికైన పనిని కూడా పాడుచేయవచ్చని నేను వారం తిరక్కుండానే నిరూపించాను.

దొరసానిగారిది కెనడా. ఓడలో వచ్చి చాలా ఏళ్ళయింది. యాభై దాటిన మనిషి, చదివింది నర్సు చదువు, ఎత్తు మా గుమ్మాలకు సరిపోనంత (మా ఇంటికి వచ్చినప్పుడల్లా తల వంచుకునే వచ్చేవారు, దాన్ని మా పిన్ని వినయం అనుకునేది). ఆవిడ తెలుగును ఒక పంతులుగారి దగ్గర వ్యాకరణంతో సహా నేర్చుకుని, పరీక్ష రాసి నెగ్గారు. జీపు ఆగిపోతే "వాహనమేల నిలిచినది?" అని అడిగేవారు. "ఇంజను ఏడెక్కిపోనాదమ్మా" అనేవాడు డ్రైవరు. ఇద్దరిదీ తెలుగే, మధ్యలో నేను దుబాసీని. వ్యాకరణం అంత గట్టిదే గాని, పాపం, దీర్ఘాలు మాత్రం ఆవిడ నాలుక మీద నిలిచేవి కావు. జారిపోయేవి.

వేగావతి ఏటికి అవతల ఒక రైతుల ఊరుంది. దొరసానిగారు నాలుగేళ్ళుగా అక్కడికి వెళుతున్నారు. ఆడవాళ్ళు పందిట్లో కూర్చునేవారు, పాటలు వినేవారు, మజ్జిగ ఇచ్చేవారు. చంటిపిల్లలను మాత్రం చూపించేవారు కాదు. జీపు చప్పుడు వినగానే పిల్లలు లోపలి గదుల్లోకి వెళ్ళిపోయేవారు. నీలికళ్ళ దిష్టి మామూలు దిష్టి కాదని ఆ ఊరి నమ్మకం. లోపల పిల్లలు దగ్గుతూ ఉంటే, బయట నర్సు చదివిన దొరసానిగారు వింటూ ఉండేవారు. ఇంతలో కెనడా మిషను ఆఫీసు నుంచి ఒక పెద్దదొర వచ్చారు. ఏ ఊళ్ళో పని సాగించాలో, ఏ ఊళ్ళో ఆపేయాలో ఆయన చూసి రాస్తారట.  ఆయన ఈ ఊరికి వచ్చే ముందురోజు దొరసానిగారు పందిట్లో నిలబడి ప్రాణం పెట్టి ప్రసంగించారు. "మీ పాపాలను రేపు ఇచ్చటికి తెండు. ఒక్కటియు దాచకుడు. ఎంత మురికివైనను కడుగబడును" అన్నది ఆవిడ ఉద్దేశం. నోట్లోంచి వచ్చింది మాత్రం "మీ పాపలను."

ఇది పట్టుకుని సరిదిద్దడానికే నేను అక్కడున్నాను. కాని నేను పట్టుకున్నది పాటల పుస్తకం, దాని మధ్యలో ఒక డిటెక్టివు నవల. హత్య జరిగిపోయింది, తలుపు లోపల గడియ వేసే ఉంది, హంతకుడెలా పోయాడో తెలియాలి. అలాంటి సమయంలో నా భుజం మీద చెయ్యి పడింది. ఆ ఊరి ఆడవాళ్ళకు పెద్ద, రూపాయి కాసంత కుంకం పెట్టుకునే మనిషి. మేము బొట్టు పెద్దమ్మ అనేవాళ్ళం.

"ఏటమ్మా, రేపు తెమ్మంతన్నాదా?"

"అవును, తెండి."

"అందర్నీనా?"

ప్రసంగంలో మాట ఒకటి చెవిలో మిగిలి ఉంది. "ఒక్కటీ దాచొద్దన్నారు కదా" అన్నాను.

"నీళ్ళు ఆవిడే పోస్తాదేటి?"

పేజీ తిప్పాను. "ఆవిడే."

మర్నాడు పెద్దదొర టై కట్టుకుని, చేత చిన్న నోటుపుస్తకంతో జీపు దిగారు. పందిట్లో ఊరి తల్లులందరూ ఉన్నారు. ప్రతి ఒడిలో ఒక పసిబిడ్డ, ఒంటిమీద నూలుపోగు లేకుండా, తల నుంచి కాలి దాకా ఆముదంతో నిగనిగలాడుతూ. మూడు కాగుల్లో నీళ్ళు మరుగుతున్నాయి. సున్నిపిండి, సాంబ్రాణి సిద్ధం. మధ్యలో ఒక పీట. దొరసానిగారు ఆ పీట వంక చూసి "ఇదేమి?" అన్నారు.

"తెమ్మన్నావు కదమ్మా పాపల్ని. ఒక్కర్నీ దాసలేదు. మా కోడలు పక్కూరి నుంచి దాని సెల్లెల్నీ బిడ్డనీ కూడా అట్టుకొచ్చినాది" అంది బొట్టు పెద్దమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "నీల్లోసిన సెయ్యి దిష్టెట్టదని నేనే అందరికీ సెప్పినాను" అంది.

దొరసానిగారు నా వైపు తిరిగారు. నేను తలొంచుకుని, పాపానికీ పాపకూ ఉన్న తేడా గొణిగాను. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.  ఆ ముప్పై ముఖాల వంకా ఒక్కొక్కటిగా చూశారు. టోపీ తీసి నా చేతికిచ్చి, గౌను మోకాళ్ళ దాకా లాక్కుని, పీట మీద కూర్చుని, పొడుగాటి కాళ్ళు చాపారు. "మొదటి పాపను ఇమ్ము" అన్నారు.

ఇక్కడ పెద్దదొర నన్ను ఇంగ్లీషులో అడిగారు, ఇదంతా ఏమిటని. నా ఇంగ్లీషు పరీక్షలకు పనికొచ్చేదే గాని మనుషులకు కాదు. ఉన్న నాలుగు ముక్కలూ కూడగట్టుకుని "సార్, మా తెలుగులో పసిబిడ్డ, పాపం, రెండూ ఒకటే" అని చెప్పాను. ఆయన ముఖం గంభీరమైపోయింది. నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. (మా జాతి గురించి కెనడాలో ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి.) ఇంకా ఏదో అడగబోతుంటే బొట్టు పెద్దమ్మ ఆయన్ని చూసింది. "ఏటలా గుంజలాగ నిల్సున్నావు బాబూ, ఆ సెంబిలాగియ్యి" అంది. ఆయనకు ఒక్క ముక్క తెలియదు. అయినా ఆ గొంతుకు ఏ దేశం మనిషైనా లొంగవలసిందే. చెంబు అందించారు. ఇంకో చెంబు. కాసేపటికి టై భుజం మీదికి వేసుకుని, కాగు దగ్గర గొంతుక్కూర్చుని మరిగే నీళ్ళలో చన్నీళ్ళు కలపడం మొదలుపెట్టారు.

నీళ్ళు పోస్తూనే దొరసానిగారు ప్రతి బిడ్డ కళ్ళూ చెవులూ చూశారు, వీపు మీద చెవి ఆనించి ఊపిరి విన్నారు. పుండ్లకు మందు రాశారు. పక్కూరి నుంచి వచ్చిన బిడ్డకు మాత్రం నీళ్ళు పోయలేదు. ఒళ్ళు కాలిపోతోంది, డొక్కలు ఎగరేస్తోంది. బిడ్డను చీరలో చుట్టి, తల్లినీ పెద్దదొరనూ నన్నూ జీపెక్కించి, "వేగముగా" అన్నారు. ఆ ఒక్క మాటకు డ్రైవరుకు అనువాదం అక్కర్లేకపోయింది. ఆస్పత్రి డాక్టరమ్మ, ఇంకొక్క రోజు ఆగితే తన చేతిలో ఉండేది కాదని చెప్పింది. బిడ్డ పది రోజులకు ఇంటికి వెళ్ళింది. పెద్దదొర ఏం రాశారో మాకు చెప్పలేదు గాని, ఆ ఊరికి జీపు వెళ్ళడం ఆగలేదు. జీపు చప్పుడుకు పిల్లలు లోపలికి పోవడమే ఆగింది.

ఆ రోజు ఆస్పత్రి నుంచి తిరుగుదారిలో నవల సంగతి ఒప్పేసుకున్నాను. తిడతారనుకున్నాను, పిన్ని ఉద్యోగం కూడా పోతుందనుకున్నాను.  దొరసానిగారు మాత్రం "రేపటినుండి నీవు ముందు వరుసలో కూర్చొనుము. నేను తప్పు పలికినప్పుడు చేయి ఎత్తుము" అన్నారు. ఎత్తాను. ఎత్తి ఎత్తి భుజం నొప్పి పుట్టింది. రెండో వారానికి, అదీ ప్రార్థనలో భాగమే అనుకుని పందిట్లో ఆడవాళ్ళందరూ నాతోపాటు చేతులెత్తడం మొదలుపెట్టారు. తన తెలుగు అంత దారుణంగా ఉందా అని ఆవిడ ఒక పూటంతా దిగులుపడ్డారు.

రెండేళ్ళకు ఆవిడ రిటైరై కెనడా వెళ్ళిపోయారు. నేను అప్పటికి గరివిడి దగ్గర టీచర్ని. ఒక ఉత్తరం వచ్చింది, గుండ్రటి అక్షరాలతో, తెలుగులోనే. "ఇచ్చట ఆదివారములు నేను ఆంగ్లమున మాట్లాడుచున్నాను. ఉచ్చారణలో దోషమేమియు లేదు. అందరును చక్కగా విందురు. ఎవరును ఏమియు తీసుకొని రారు." అది చదివి స్టాఫు రూములో పడిపడి నవ్వాను, తోటి టీచర్లందరికీ వినిపించి మరీ నవ్వాను. అప్పుడు ఇరవై రెండేళ్ళు, నవ్వడానికి అంతకన్నా ఏం కావాలి. ఈ మధ్య పెట్టె సర్దుతుంటే ఆ ఉత్తరం మళ్ళీ దొరికింది. ఆవిడ వయసు నేను ఎప్పుడో దాటేశాను. ఈసారి చదువుతూ సగంలో ఆగి, ఆ ఉత్తరానికి నేను జవాబు రాశానా లేదా అని చాలాసేపు గుర్తు చేసుకున్నాను. రాసే ఉంటానని నాకు నేనే సర్దిచెప్పుకుని నవ్వుకున్నాను. ఆ వయసులో నేనెలాంటిదాన్నో బాగా ఎరుగుదును కాబట్టి, ఆ నవ్వు అంత గట్టిగా రాలేదు.